బరువు తగ్గించే ఆపరేషన్‌కు ముందే రోగి ఆగిపోతే: ఏ దశలో ఆగారు, ఎందుకు, ఏం చేయాలి?

బేరియాట్రిక్ (బరువు తగ్గించే ఆపరేషన్ల) విభాగానికి వచ్చి, సర్జన్‌తో మాట్లాడి, పరీక్షలు కూడా మొదలుపెట్టినవారిలో కొందరు ఆపరేషన్ దాకా రారు. అలాంటివారి ఫైలుపై ‘రోగికి ఆసక్తి లేదు’ అని రాసి మూసేయడం అన్యాయం. ఏళ్ల తరబడి ఆహార నియమాలు పాటించి, తగ్గిన బరువు మళ్లీ పెరిగి, చివరి ప్రయత్నంగా వచ్చిన మనిషికి ఆసక్తి లేకపోవడం అరుదు. ఏ దశలో ఆగిపోయారో చూస్తే కారణం చాలావరకు అక్కడే దొరుకుతుంది.

సమస్య: ఖర్చు అంచనా ఇచ్చాక రోగి ఫోన్ ఎత్తడం లేదు.

కారణం: డాక్టర్ చెప్పిన అర్హతకూ, బీమా ఒప్పుకునే అర్హతకూ తేడా ఉంది. ఆసియా వాసులకు బీఎంఐ (కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే సంఖ్య) 27.5 దాటితే ఆపరేషన్ సూచించవచ్చని 2022 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక నిబంధన ప్రకారం మాత్రం బీఎంఐ 40 ఉండాలి, లేదా 35తో పాటు గుండె జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో శ్వాస ఆగి ఆగి రావడం), అదుపు తప్పిన టైప్-2 షుగర్ వంటి తీవ్ర సమస్య ఉండాలి. 160 సెంటీమీటర్ల ఎత్తు, 85 కిలోల బరువు ఉన్న షుగర్ రోగి బీఎంఐ సుమారు 33. ఆమెకు ఆపరేషన్ మేలు చేస్తుందని సర్జన్ అంటారు; క్యాష్‌లెస్ (బీమా సంస్థే ఆసుపత్రికి నేరుగా చెల్లించడం) మాత్రం తిరస్కరణకు గురవుతుంది. పరీక్షలకు డబ్బు ఖర్చయ్యాక ఈ సంగతి తెలిస్తే నమ్మకం పోతుంది.

పరిష్కారం: పాలసీ పత్రాన్ని మొదటి రోజే అడిగి తీసుకుని, బీఎంఐ షరతు, వెయిటింగ్ పీరియడ్ (బీమా వర్తించడానికి ముందు ఆగాల్సిన గడువు) చదివి, బీమా వర్తిస్తుందో లేదో పరీక్షలకు ముందే చెప్పాలి. ఇతర పద్ధతుల్లో బరువు తగ్గలేదనడానికి ఆధారం అడుగుతారు కాబట్టి పాత ప్రిస్క్రిప్షన్లు, డైటీషియన్ చీటీలు దాచి ఉంటే తెమ్మనాలి. బీమా కోసం మరో ఐదు కిలోలు పెరగమనే సలహా ఎవరి నోటా రాకూడదు.

సమస్య: పరీక్షల మధ్యలో రావడం మానేశారు.

కారణం: ఎండోస్కోపీకి ఒకరోజు, స్లీప్ స్టడీకి ఇంకొకరోజు అంటే దూరం నుంచి వచ్చేవారికి సెలవు దొరకదు. మానసిక నిపుణుల దగ్గరికి పంపితే ‘నాకేమైనా పిచ్చా?’ అని నొచ్చుకునేవారూ ఉన్నారు.

పరిష్కారం: వీలైనన్ని పరీక్షలు ఒకే రాకలో ముగించాలి, ఒక్కో పరీక్ష ఎందుకో ముందే చెప్పాలి.

సమస్య: తేదీ ఖరారయ్యాక ‘ఇంట్లో వద్దంటున్నారు’ అంటున్నారు.

కారణం: ‘నోరు కట్టుకుంటే తగ్గదా, కడుపు కోయించుకోవాలా?’ అన్న మాటకు రోగి దగ్గర జవాబు లేదు. పెళ్లికాని అమ్మాయి విషయంలో మచ్చలు, పిల్లలు పుట్టడం గురించిన భయం కూడా తోడవుతుంది. కౌన్సెలింగ్ రోగికి జరిగింది. నిర్ణయించే అత్తగారికో, తండ్రికో, భర్తకో జరగలేదు.

పరిష్కారం: ఆ నిర్ణయించే వ్యక్తిని ఒకసారి తీసుకురమ్మని అడగాలి, ఫోన్‌లో సర్దిచెబితే చాలదు. ఆపరేషన్ చిన్న రంధ్రాల ద్వారా జరుగుతుందనీ, స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయంలో నాలుగింట మూడొంతులకు పైగా తీసేస్తారనీ, గర్భధారణను ఏడాది నుంచి ఏడాదిన్నర వాయిదా వేయాలనీ బొమ్మ గీసి వివరించాలి. కుట్ల దగ్గర లీకు, రక్తస్రావం, కాళ్లలో రక్తం గడ్డకట్టడం వంటి ప్రమాదాలనూ, జీవితాంతం విటమిన్లు వాడాల్సిన అవసరాన్నీ దాచకూడదు. దాచిన విషయం పక్కింటివారి ద్వారా తెలిసిన రోజున ఆ కుటుంబం మళ్లీ రాదు.

సమస్య: ఆపరేషన్ ముందు ఆహార నియమం తప్పి, మొహం చాటేశారు.

కారణం: సిగ్గు. కాలేయం కుదించుకుని సర్జన్‌కు చోటు దొరకడానికే ఈ తక్కువ కేలరీల ఆహారమని తెలియక, దాన్ని తమకు పెట్టిన పరీక్షగా భావిస్తారు.

పరిష్కారం: మొదటి రెండు మూడు రోజుల్లోనే డైటీషియన్ ఫోన్ చేసి ఏం తిన్నారో కోపం లేకుండా అడగాలి. ఇన్సులిన్ లేదా షుగర్ మాత్రలు వాడేవారికి డాక్టర్ మోతాదు తగ్గించారో లేదో అదే ఫోన్‌లో తప్పనిసరిగా కనుక్కోవాలి, ఎందుకంటే కళ్లు తిరిగి, చెమటలు పట్టి తినేసినవారిది నిగ్రహలోపం కాకపోవచ్చు, షుగర్ పడిపోయి ఉండవచ్చు.

సమస్య: ‘ఇంజెక్షన్ మొదలుపెట్టాం’ అని చెప్పి తేదీ రద్దు చేసుకున్నారు.

టిర్జెపటైడ్, సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్లు 2025లో బరువు తగ్గడానికి మన దేశంలో అందుబాటులోకి వచ్చాయి. ఈ నిర్ణయాన్ని వైఫల్యంగా లెక్కించనక్కర్లేదు. మందు ఆపితే బరువు చాలావరకు తిరిగి రావచ్చని చెప్పి, ఫైలు తెరిచే ఉంచి, తర్వాతి పరిశీలనకు తేదీ ఇవ్వాలి.