మేక కన్ను కోసి చూపు ఎలా పనిచేస్తుందో చూపించడం ఎలా?

కంటి బొమ్మ గీయమంటే పదో తరగతి పిల్లలు పేర్లన్నీ సరిగ్గా రాసి మార్కులు తెచ్చుకుంటారు. కంటి లోపల వెలుతురును పట్టే పొర రెటీనా ఎంత పల్చగా ఉంటుంది, లెన్స్ ముట్టుకుంటే గట్టిగా ఉంటుందా మెత్తగా ఉంటుందా అని అడిగితే మాత్రం దిక్కులు చూస్తారు. అందుకే నేను ఏటా మేక కన్ను తెచ్చి చూపిస్తాను. ఈ పని వేరేవాళ్లూ చేస్తున్నారు, సంతోషమే. కానీ ఎక్కువమంది నిమ్మకాయ కోసినట్టు ఒక్క వేటుకి రెండు చెక్కలు చేసి, నల్లటి నీళ్లూ జిగురూ చూపించి ఇదే కన్ను అంటున్నారు. అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

మటన్ కొట్టులో ముందు రోజే చెప్పి ఉంచండి, తలకాయ కాల్చకముందే కళ్లు తీసి పెడతారు. కాల్చిన తలకాయలోంచి తీసినవి పనికిరావు, ఫ్రీజర్‌లో పెట్టినవీ వద్దు, లెన్స్ మసకబారిపోతుంది. కనీసం రెండు తెచ్చుకోండి. కొత్త బ్లేడు, మొన సన్నగా ఉన్న చిన్న కత్తెర, పళ్లెం, గ్లవ్స్, అగ్గిపుల్లలు, పాత పేపరు. అంతే.

చుట్టూ ఉన్న కొవ్వునీ కండరాలనీ కత్తెరతో తీసేయండి. వెనక తెల్లటి మొద్దులా కనిపించేది దృక్ నాడి, దాన్ని కోయకండి. మనిషిలో అయితే ఆ నాడిలో పది లక్షలకు పైగా సన్నటి పోగులు ఉంటాయి. ముందువైపు అద్దంలాంటి పొర కార్నియా. వెలుతురును వంచే పనంతా లెన్స్‌దే అనుకుంటారు, నిజానికి మూడింట రెండు వంతులు ఈ కార్నియాయే చేస్తుంది. నేత్రదానంలో ఎక్కువగా వాడేది కూడా దీన్నే, మామూలుగా కన్నుగుడ్డు మొత్తాన్ని అమర్చరు.

ఇక అసలు కష్టం, కోత. కార్నియాకీ నాడికీ సరిగ్గా మధ్యలో, భూగోళానికి భూమధ్యరేఖ ఉన్నట్టు, కన్ను చుట్టూ ఒక గీత ఊహించుకోండి. కోత ఆ గీత మీదే పడాలి. కార్నియా దగ్గర మొదలుపెడితే లోపలి నీరు చిమ్ముతుంది, కన్ను గాలి పోయిన బంతిలా సొట్టపడుతుంది, ఆ తర్వాత ఏం కోసినా నలుగుతుంది.

తెల్లగుడ్డు పొర చూడటానికి మెత్తగా ఉన్నా రబ్బరులా గట్టిది, బ్లేడు దాని మీద జారుతుంది. జారిందని గట్టిగా నొక్కారో, బ్లేడు ఒక్కసారిగా లోపలికి దిగి రెటీనానీ లెన్స్‌నీ చీల్చేస్తుంది, లేదా మీ వేలు తెగుతుంది. నొక్కకుండా, ఒకేచోట నెమ్మదిగా, మళ్లీ మళ్లీ గీరండి. నల్లటి పొర తొంగిచూడగానే ఆపేయండి. ఈ మొదటి గాటు పెద్దవాళ్లే పెట్టాలి, పిల్లల చేతికి బ్లేడు ఇవ్వకూడదు.

తర్వాత బ్లేడు పక్కన పెట్టి కత్తెర తీసుకోండి. బ్లేడుతోనే చుట్టూ కోయమని కొందరు చెబుతారు, నేను ఒప్పుకోను. కత్తెర మొన పైకి, అంటే గుడ్డు పొరవైపు తిరిగి ఉండాలి, చిన్న చిన్న కత్తిరింపులతో చుట్టూ రావాలి. ఎడమచేత్తో కన్నును పట్టుకోవాలి గానీ పిసకకూడదు. పిసికితే లోపలి జెల్లీ బయటికి తన్నుకొస్తుంది, రెటీనాను కూడా లాక్కొస్తుంది. నేను చూసిన పాడైన కళ్లన్నీ ఇక్కడ పాడైనవే. పది నిమిషాలు పట్టినా పరవాలేదు.

రెండు చిప్పలు విడిపోయాక ముంజెలా వణికే స్వచ్ఛమైన జెల్లీ కనిపిస్తుంది, దాన్ని మెల్లగా జారనివ్వండి. వెనక చిప్పలో నలిగిన మీగడలా ఉండేదే రెటీనా. మనిషి రెటీనాలో మసక వెలుతురులో పనిచేసే దండ కణాలు దాదాపు 12 కోట్లు, రంగులు పట్టే శంకు కణాలు 60 లక్షల దాకా ఉంటాయి. అగ్గిపుల్లతో నెమ్మదిగా తోసి చూడండి, రెటీనా అంతా ఊడొచ్చి ఒక్కచోట మాత్రం అతుక్కుని ఉంటుంది. నాడి బయలుదేరేది అక్కడినుంచే. అక్కడ ఆ కణాలు ఉండవు, కాబట్టి అక్కడ పడ్డ వెలుతురు కనబడదు, అదే అంధచుక్క. బొమ్మలో చుక్కపెట్టి నేర్పితే ఎక్కనిది ఇలా చూస్తే జన్మలో మర్చిపోరు. రెటీనా కింద నీలి ఆకుపచ్చగా మెరిసే పొర మేకకు ఉంటుంది, రాత్రి టార్చి వేస్తే దాని కళ్లు మెరిసేది అందుకే. మనకు ఆ పొర లేదు.

ముందు చిప్పలోంచి లెన్స్‌ను అగ్గిపుల్లతో విడదీయండి. వేళ్లతో నొక్కితే కాస్త సాగుతుంది. మన లెన్స్ ఈ సాగే గుణం పోగొట్టుకుంటే వచ్చేది చత్వారం, మసకబారితే వచ్చేది శుక్లం. పాఠాల్లో కార్నియాను శుక్లపటలం అంటారు కాబట్టి పిల్లలు శుక్లం కార్నియాకే వస్తుందనుకుంటారు, అది అక్కడే సరిచేయండి.

లెన్స్‌ను పేపరు మీద పెడితే అక్షరాలు పెద్దవవుతాయి. రెండు వేళ్లతో పట్టుకుని, చెయ్యి చాచి కిటికీవైపు చూస్తే కిటికీ తలకిందులుగా కనిపిస్తుంది. రెటీనా మీద పడే బొమ్మ కూడా ఇలా తలకిందులే, మెదడు దాన్ని సరిగా అర్థం చేసుకుంటుంది. ఎద్దు కన్ను వెనక పొర తీసి ఇలాంటి బొమ్మనే చూడవచ్చని ఫ్రెంచ్ తత్వవేత్త డెకార్ట్ 1637లోనే రాశాడు.

పిల్లలందరూ వరసగా ఒక్కొక్కరే పట్టుకుని చూసేదాకా లెన్స్‌ను ఆరిపోనివ్వకండి, మధ్యమధ్య ఉప్పునీటిలో ముంచుతూ ఉండండి. అయ్యాక అన్నీ గుంట తీసి పూడ్చి, చేతులు సబ్బుతో కడుక్కోండి.