కోనసీమ మంచులో టెలిస్కోప్‌తో చుక్కలు చూడాలంటే

మార్గశిరం, పుష్యం నెలల్లో మన డాబాల మీద టెలిస్కోప్ పెడితే గంట తిరక్కుండానే చుక్కలు మసకబారతాయి. నేనైతే మొదట్లో లెన్స్ పాడైందనుకుని తెగ టెన్షన్ పడ్డాను. టార్చి వేసి చూస్తే అద్దమంతా సన్నటి చెమ్మ! చుట్టూ కాలవలు, వరిచేలు, గాలినిండా తేమే కదా. ఆకాశంకేసి తెరిచి ఉన్న అద్దం గాలికంటే తొందరగా చల్లబడి ఆ తేమను పట్టేస్తుంది. రాత్రి బయట వదిలేసిన స్కూటర్ సీటు తెల్లారేసరికి తడిసిపోయి, వరండాలో పెట్టింది పొడిగా ఉంటుందే, అదే సంగతి.

అందుకని లెన్స్‌కీ ఓ చూరు కట్టండి. నల్ల చార్టు కాగితాన్ని గొట్టంలా చుట్టి, ముందుకు పొడుచుకొచ్చేలా టేపు వేస్తే చాలు. 70 మిల్లీమీటర్ల లెన్స్‌కి 10, 11 సెంటీమీటర్లు ముందుకుండాలి. పక్కనున్న వీధిదీపం వెలుగు కూడా లోపల పడదు.

అయినా చెమ్మ పట్టిందా, లుంగీ అంచుతో మాత్రం తుడవొద్దు, గీతలు పడతాయి. హెయిర్ డ్రయ్యర్ ఉంటే తక్కువ వేడిలో దూరం నుంచి పట్టండి. ఇంట్లోకి తెచ్చాక తడి పూర్తిగా ఆరేదాకా మూత పెట్టకండి, బూజు పడుతుంది.

మొదట 25 మిల్లీమీటర్లని రాసున్న ఐపీస్‌తో (కన్ను ఆనించి చూసే చిన్న లెన్స్) పిల్లలకోడిని, అదే కృత్తికల గుంపుని, చూడండి. మామూలు కంటికి ఆరేడు చుక్కలే, టెలిస్కోప్‌లో పదుల కొద్దీ!