కథల రాకుమారి షూట్‌కు ముందు చూసుకోవాల్సినవి

ఫోటో షూట్ దగ్గరపడే కొద్దీ అందరి కళ్లూ గౌను మీదే. కొంప ముంచేవి మాత్రం వేరే ఉన్నాయి.

సిండరెల్లా సినిమాలోని డ్రెస్సును అచ్చుగుద్దినట్టు కుట్టించకండి. సిండరెల్లా కథ ఎవరి సొత్తూ కాదు, స్టూడియో గీయించుకున్న గౌను డిజైన్ మాత్రం వాళ్లదే. ఫోటోలు అమ్మకానికి పెట్టాక నోటీసొస్తే కుట్టుకూలితో సహా అన్నీ దండగ. పాత కథే తిరగేయండి. 1697లో ఫ్రెంచ్ రచయిత పెరో ఆమెకు గాజు చెప్పు తొడిగాడు, 1812లో జర్మనీ కథకులు గ్రిమ్ సోదరులు బంగారు చెప్పు తొడిగారు. నన్నడిగితే బంగారు చెప్పుతో మొదలుపెట్టండి, సినిమా పోలిక అక్కడే సగం పోతుంది.

మోడల్‌కు 18 నిండినట్టు ఆధారం చూడండి. డ్రెస్ ఒంటిని ఎంతవరకు కప్పాలి, ఫోటోలు ఎక్కడ వాడతారు అన్నది ముందే కాగితం మీద పెట్టి సంతకాలు తీసుకోండి. లైట్లు వెలిగాక "ఇంకాస్త భుజం దించు" అనే బేరం ఉండకూడదు.

నెట్ గౌను ఉన్నచోట కొవ్వొత్తి వద్దు, బ్యాటరీ దీపాలు చాలు. నైలాన్ నెట్ అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుపోతుంది.

కార్సెట్‌ను, అంటే నడుము బిగించే లోదుస్తును, ముందురోజే బిగించి, కూర్చుని చూడండి. నిలబడితే సరిపోయింది కూర్చోగానే ఊపిరాడనివ్వదు.

విగ్గు జిగురు 24 గంటల ముందు మోచేతి మడతలో రాసి చూడండి, దద్దుర్లు ముఖం మీద తేలకుండా.

కంటి దగ్గర క్రాఫ్ట్ గ్లిట్టర్ (అలంకరణ పనులకు వాడే మెరుపుల పొడి) వద్దే వద్దు, కంట్లో పడితే గీరుకుపోతుంది.

ఎర్ర ముసుగు అమ్మాయి, తోడేలు కథ తీస్తుంటే, తోడేలు మాస్కులో కాళ్ల కింద ఏముందో కనపడదు. చెయ్యి పట్టి నడిపించే మనిషిని పెట్టండి, ఆ ఎర్ర ముసుగు అమ్మాయే అయినా సరే.