పొలం చిట్టెలుక ఏ జాతిదో డీఎన్‌ఏతో తేల్చడం ఎలా

వరి గట్లలో కన్నాలు తవ్వుకునే చిట్టెలుకల్లో మస్ బూడుగా, మస్ టెర్రికలర్ అని రెండు జాతులున్నాయి, చేతిలో పెట్టుకుని చూసినా ఒకేలా కనిపిస్తాయి. పొట్ట రంగు చూసి చెప్పేస్తా అనేవాళ్ళని నమ్మకండి, నేనూ ఒకప్పుడు అలాగే చెప్పి అభాసుపాలయ్యా.

ముందు జంతువులపై పరిశోధనలకి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ పర్మిషన్ తీసుకోండి. పట్టడానికి యానాదుల సాయం అడగండి, వాళ్ళకి తెలిసినంత మనకి తెలీదు. గ్లవ్స్ మాత్రం తప్పనిసరి, ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది.

చెవి అంచు చిన్న ముక్క కత్తిరించి 95 శాతం ఇథనాల్‌లో వెయ్యండి, ఫార్మలిన్ వద్దు, డీఎన్‌ఏ పాడవుతుంది. లేబుల్ పెన్సిల్‌తోనే రాయాలండోయ్, పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోయి తెల్ల కాగితం మిగుల్తుంది, తర్వాత ఏ ముక్క ఏ పొలందో దేవుడికే తెలియాలి.

ల్యాబ్‌లో ప్రొటీన్లని కరిగించే ప్రొటీనేజ్ కె ఎంజైమ్ వేసి 56 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచి డీఎన్‌ఏ తీసి, పీసీఆర్‌లో, అంటే డీఎన్‌ఏ ముక్కకి లక్షల నకళ్ళు తీసే పద్ధతిలో, మైటోకాండ్రియాలో (కణానికి శక్తినిచ్చే భాగం) ఉండే సైటోక్రోమ్ బి జీన్ పెంచండి. ఆ జీన్ దాదాపు 1140 డీఎన్‌ఏ అక్షరాలు, సాంగర్ పద్ధతిలో ఒక్కసారి చదివిస్తే మొత్తం శుభ్రంగా రాదు, రెండు వైపుల నుంచీ చదివించి కలపండి.

సీక్వెన్స్ (ఆ అక్షరాల వరస) రాగానే, పోలికలు వెతికే బ్లాస్ట్ ప్రోగ్రామ్‌లో వేసెయ్యకుండా ముందు ప్రొటీన్‌గా మార్చి చూడండి, అదీ వెర్టిబ్రేట్ మైటోకాండ్రియా కోడ్‌తో, మామూలు కోడ్ పెడితే టీజీఏ అనే మూడక్షరాలు వచ్చిన ప్రతిచోటా ప్రొటీన్ అక్కడితో ఆగిపోయిందన్నట్టు ఉత్తుత్తి స్టాప్ కనపడి కంగారు పడతారు. సరైన కోడ్‌లోనూ మధ్యలో స్టాప్ వస్తే మీ చేతికొచ్చింది న్యూక్లియస్ డీఎన్‌ఏలో దూరిన ఆ జీన్ పాత నకలు అయ్యుండొచ్చు, పక్కన పెట్టండి.

అందరూ సీక్వెన్సులు దాచే జెన్‌బ్యాంక్ డేటాబేస్‌లో మొదటి మ్యాచ్ పేరు కాపీ కొట్టొద్దు, ఎవరో తప్పు పేరు పెట్టి ఎక్కించి ఉండొచ్చుగా. ఇంటి చిట్టెలుకవీ పంది కొక్కువీ సీక్వెన్సులు కూడా కలిపి మెగా అనే సాఫ్ట్‌వేర్‌లో వంశవృక్షం (ట్రీ) గీసి మీది ఏ కొమ్మ మీద కూర్చుందో చూడండి.

ఇదంతా తల్లి వైపు కథే, మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది కదా. అందుకే కొన్నిటికైనా ఎముక మజ్జతో క్రోమోజోమ్ స్లైడ్ చెయ్యండి. లెక్కపెడితే రెండిటికీ 40 వస్తాయి, ఇంటి చిట్టెలుకకీ 40యే, కాబట్టి లెక్కతో పని జరగదు, ఎక్స్ క్రోమోజోమ్ ఆకారం చూడాలి: బూడుగాలో ఒకే చెయ్యి, టెర్రికలర్‌లో రెండో చెయ్యి కూడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పుర్రె మాత్రం పారెయ్యకండి, రేపు ఎవరైనా అడిగితే చూపించాలిగా.