4కె బ్లూ-రే ప్లేయర్ నుంచి టీవీ దాకా హెచ్‌డీఆర్ చెక్కుచెదరకుండా చేరాలంటే

4కె డిస్క్, దాన్ని ఆడించే ప్లేయర్, హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాలను మామూలు వీడియో కంటే ఎక్కువగా చూపే పద్ధతి) అని అట్టపెట్టె మీద రాసి ఉన్న టీవీ ఇంట్లో ఉన్నంత మాత్రాన తెర మీద హెచ్‌డీఆర్ చిత్రమే కనిపిస్తున్నదని అనుకోవడానికి వీల్లేదు. డిస్క్, ప్లేయర్, కేబుల్, టీవీ వెనుక ఉన్న పోర్ట్, టీవీలోని పిక్చర్ సెట్టింగ్ అనే అయిదింటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా హెచ్‌డీఆర్ చెడుతుంది, తరచుగా ప్లేయర్ మామూలు వీడియోను పంపించి ఊరుకుంటుంది. బొమ్మ ఆగిపోదు, చాలాసార్లు హెచ్చరిక కూడా రాదు కాబట్టి లోపం ఉన్న సంగతే తెలియదు. ఒక్కొక్క అంచెనూ విడిగా సరిచూసుకోవడం తప్ప దీనికి మరో మార్గం లేదు.

ముందు డిస్క్‌లో ఏముంటుందో చూద్దాం. 4కె అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రే ప్రమాణం 2015లో ఖరారై, డిస్కులు 2016లో మార్కెట్లోకి వచ్చాయి. ఈ డిస్కులు 50, 66, 100 గిగాబైట్ల పరిమాణాల్లో ఉంటాయి. వీడియో హెచ్ఈవీసీ అనే కుదింపు పద్ధతిలో, వెలుగు, రంగుల మెట్లు ఎక్కువగా ఉండే 10 బిట్ల లోతుతో, బీటీ.2020 అనే విశాలమైన రంగుల పరిధిలో నమోదై ఉంటుంది. సెకనుకు 100 మెగాబిట్లకు మించిన వేగంతో డేటా చదివే వీలుంది కాబట్టి, చీకటి దృశ్యాల్లో, పొగమంచులో, పొగలో ఓటీటీ ప్రసారాలు గళ్లుగళ్లుగా విడిపోయే చోట డిస్క్ చిత్రం నిలకడగా ఉంటుంది. నా దృష్టిలో డిస్క్ కొనడానికి అన్నిటికన్నా గట్టి కారణం ఇదే.

మామూలు వీడియోకీ హెచ్‌డీఆర్‌కీ ఉన్న అసలు తేడా వెలుగును కొలిచే పద్ధతిలో ఉంది. మామూలు వీడియోను స్టూడియోలో సుమారు 100 నిట్ల (నిట్ అంటే తెర వెలుగుకు కొలమానం) గరిష్ఠ వెలుగు ఉన్న మానిటర్ మీద చూస్తూ సిద్ధం చేస్తారు. అందులోని అంకెలు టీవీకి ఉన్న శక్తిలో ఎంత వంతు వాడాలో చెబుతాయే గాని, ఇన్ని నిట్లు ఇవ్వాలని చెప్పవు. హెచ్‌డీఆర్ డిస్కుల్లో వాడే పీక్యూ పద్ధతి అలా కాదు. సినిమా, టీవీ సాంకేతిక ప్రమాణాలు రూపొందించే ఎస్ఎంపీటీఈ సంస్థ 2014లో ఎస్‌టీ 2084 పేరిట ప్రకటించిన ఈ ప్రమాణంలో ప్రతి అంకెకూ ఇన్ని నిట్లు అనే స్థిరమైన విలువ ఉంది, ఆ కొలమానం 10,000 నిట్ల దాకా సాగుతుంది. 10 బిట్ల వీడియోలో నలుపు 64 దగ్గర మొదలై, పైకొస 940 దగ్గర ముగుస్తుంది. ఈ వరుసలో 100 నిట్లు సుమారు 509 దగ్గర, 1,000 నిట్లు సుమారు 723 దగ్గర వస్తాయి. అంటే ఉన్న మెట్లలో సగం కేవలం మొదటి 100 నిట్లకే కేటాయించారు. మన కన్ను చీకట్లోని స్వల్ప తేడాలను బాగా పట్టుకుంటుంది, మిరుమిట్లు గొలిపే వెలుగులో అంతే తేడాను గుర్తించలేదు కాబట్టి ఈ ఏర్పాటు చేశారు. చీకటి గదిలో వెలుగుతున్న కొవ్వొత్తి దృశ్యాన్ని తీసుకోండి. మామూలు వీడియోలో మంట తెల్లటి చుక్కగా మిగిలిపోతే, హెచ్‌డీఆర్‌లో మంట అంచున పసుపు, వత్తి మొదట్లో నీలం, వెనుక గోడ మీది నీడలోని గరుకుతనం వేటికవి విడిగా కనిపిస్తాయి. చిత్రం మొత్తం తెల్లబడటం హెచ్‌డీఆర్ కాదు, సగటు వెలుగు దాదాపు మామూలుగానే ఉంటూ మెరిసేవి మాత్రమే మెరవడం హెచ్‌డీఆర్.

అయితే ఇంట్లోని టీవీలు 10,000 నిట్లు ఇవ్వలేవు. చాలా సినిమాలను 1,000 లేదా 4,000 నిట్ల మానిటర్ మీద చూస్తూ సిద్ధం చేస్తారు, ఇంట్లోని టీవీ 400 నిట్ల దగ్గరే ఆగిపోవచ్చు. పైన మిగిలిన వెలుగును టీవీ తన పరిధిలోకి కుదించుకోవాలి. ఈ కుదింపునే టోన్ మ్యాపింగ్ అంటారు. టీవీకి సాయంగా డిస్క్‌లో మెటాడేటా ఉంటుంది: ఏ మానిటర్ మీద సిద్ధం చేశారు, సినిమా మొత్తంలో అత్యంత వెలుగైన పిక్సెల్ ఎన్ని నిట్లు, అత్యంత వెలుగైన ఫ్రేమ్ సగటు ఎంత అనే వివరాలు. ప్రతి 4కె ప్లేయర్‌కూ తప్పనిసరి అయిన హెచ్‌డీఆర్10లో ఈ వివరాలు సినిమా అంతటికీ ఒక్కటే. ఇంటిల్లిపాదికీ ఒకే కొలతతో చొక్కాలు కుట్టించినట్టు, ఎక్కడో ఒక్క పేలుడు దృశ్యంలోని 4,000 నిట్లను చూసి టీవీ సినిమా మొత్తాన్ని కాస్త మసకబార్చే ప్రమాదం ఇందువల్లే వస్తుంది. డాల్బీ విజన్, హెచ్‌డీఆర్10+ పద్ధతులు ఈ వివరాలను దృశ్యం దృశ్యానికీ మారుస్తాయి. డాల్బీ విజన్ డిస్కుల్లో అడుగున హెచ్‌డీఆర్10 పొర, దానిపైన అదనపు సమాచారం ఉన్న మరో పొర ఉంటాయి. కాబట్టి డాల్బీ విజన్ రాని టీవీలో కూడా అదే డిస్క్ హెచ్‌డీఆర్10గా ఆడుతుంది.

ఏ పద్ధతులున్నాయో డిస్క్ పెట్టె వెనుక అట్ట మీద ముద్రిస్తారు. దాన్ని మీ ప్లేయర్‌తోనూ టీవీతోనూ కలిపి చూసుకోండి. ఉదాహరణకు శాంసంగ్ టీవీలు డాల్బీ విజన్‌ను తీసుకోవు, హెచ్‌డీఆర్10+ను తీసుకుంటాయి. ప్లేస్టేషన్ 5 డిస్క్ మోడల్ 4కె బ్లూ-రేలను ఆడిస్తుంది గాని డాల్బీ విజన్ ఇవ్వదు. విదేశాల నుంచి డిస్కులు తెప్పించుకునేవారికి ఊరటనిచ్చే విషయం ఒకటుంది: 4కె డిస్కులకు రీజియన్ కోడ్ (ఒక ప్రాంతపు ప్లేయర్లలోనే ఆడేలా పెట్టే కట్టడి) లేదు, అమెరికాలో కొన్నది హైదరాబాదులో ఆడుతుంది. అదే పెట్టెలో వచ్చే మామూలు బ్లూ-రేకు మాత్రం కోడ్ ఉండవచ్చు. ప్లేయర్‌నే అక్కడి నుంచి తెప్పించుకుంటే, వెనుక చీటీ మీద 220-240 వోల్టులు రాసి ఉన్నదో లేదో చూడకుండా ప్లగ్‌లో పెట్టకండి. అమెరికాలో అమ్మేవాటిలో 120 వోల్టులకే పరిమితమైనవి ఉన్నాయి.

ఇక కనెక్షన్. ప్లేయర్ నుంచి టీవీకి వెళ్లే హెచ్‌డీఎంఐ కేబుల్ సెకనుకు 18 గిగాబిట్లు మోయగలగాలి. ప్రీమియం హై స్పీడ్ అనే ధ్రువీకరణ చీటీ ఉన్న కేబుల్ ఇందుకు సరిపోతుంది, అంతకు మించి ఖరీదు పెట్టడం వల్ల చిత్రం మెరుగుపడదు. గోడలోంచి పొడవాటి కేబుల్ లాగిన ఇళ్లలో తెల్లటి చుక్కలు మెరవడం, క్షణంపాటు తెర నల్లబడి తిరిగి రావడం కనిపిస్తే ముందుగా కేబుల్‌నే అనుమానించాలి. రెండు మీటర్ల పొట్టి కేబుల్‌తో ఒకసారి కలిపి చూస్తే విషయం తేలిపోతుంది.

ఎక్కువమంది దాటిపోయే మెట్టు దీని తర్వాత ఉంది. చాలా టీవీల్లో హెచ్‌డీఎంఐ పోర్టులు పూర్తి సామర్థ్యంతో తెరుచుకుని ఉండవు, ఏ పోర్ట్‌కు ప్లేయర్ కలిపారో ఆ పోర్ట్‌కు సెట్టింగ్‌ను మనమే మార్చాలి. సోనీ టీవీల్లో దాన్ని ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్ అనీ, శాంసంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్ అనీ, ఎల్‌జీలో హెచ్‌డీఎంఐ అల్ట్రా హెచ్‌డీ డీప్ కలర్ అనీ పిలుస్తారు. ఇది ఆపి ఉంటే, తనకు హెచ్‌డీఆర్ వద్దని టీవీయే ప్లేయర్‌కు చెప్పినట్టవుతుంది. మధ్యలో స్పీకర్లను నడిపే ఏవీ రిసీవర్ ఉంటే అది కూడా 4కె హెచ్‌డీఆర్‌నూ, హెచ్‌డీసీపీ 2.2 అనే కాపీ రక్షణనూ దాటించగలగాలి. పాత రిసీవర్‌ను మార్చడం ఇష్టం లేనివారు రెండు హెచ్‌డీఎంఐ అవుట్‌పుట్లున్న ప్లేయర్ తీసుకుని, ఒకటి నేరుగా టీవీకీ, ధ్వని కోసం రెండోది రిసీవర్‌కూ కలుపుకోవచ్చు.

ప్లేయర్ మెనూలో రిజల్యూషన్, హెచ్‌డీఆర్ అవుట్‌పుట్, డీప్ కలర్, 24పీ (సెకనుకు 24 ఫ్రేములు) అవుట్‌పుట్ అన్నీ ఆటోలో ఉంచండి. రంగుల ఫార్మాట్‌గా ఆర్‌జీబీ కంటే వైసీబీసీఆర్ మేలు, ఎందుకంటే ఆర్‌జీబీలో ప్లేయర్, టీవీల మధ్య ఫుల్, లిమిటెడ్ అనే అంకెల పరిధుల పొంతన కుదరక నలుపు బూడిదరంగులోకి తేలిపోవడమో, నీడలన్నీ ముద్దకట్టడమో తరచుగా జరుగుతుంది. డాల్బీ విజన్‌ను కొన్ని ప్లేయర్లలో విడిగా ఆన్ చేయాలి. సోనీ యూబీపీ-ఎక్స్700లో అయితే అది ఆన్‌లో ఉన్నంతసేపూ డాల్బీ విజన్ లేని డిస్కులు కూడా డాల్బీ విజన్‌గానే బయటికి వెళ్తాయి కాబట్టి, డిస్క్‌ను బట్టి ఆన్, ఆఫ్ మార్చుకోవడం అవసరం. అలసట కలిగించే పనే అయినా మానేయకూడదు, ఎందుకంటే అలా మారిన డిస్క్‌లో రంగులూ వెలుగూ ఉండవలసిన తీరులో ఉండవు.

ఇప్పుడు డిస్క్ వేసి, సినిమా మొదలయ్యాక రెండు చోట్ల చూడండి. టీవీ తెర మూలన హెచ్‌డీఆర్ లేదా డాల్బీ విజన్ గుర్తు కొద్ది సెకన్లు కనిపించాలి. తర్వాత ప్లేయర్ రిమోట్‌లో సమాచారం చూపే బటన్ నొక్కితే వచ్చే వరుసలను ఓపికగా చదవండి: 2160/24పీ, బీటీ.2020, 10 లేదా 12 బిట్, హెచ్‌డీఆర్10 అని ఉంటే దారి అంతా సక్రమంగా ఉన్నట్టు. మామూలు వీడియోను సూచించే బీటీ.709 అనో, 8 బిట్ ఎస్‌డీఆర్ అనో కనిపిస్తే పోర్ట్ సెట్టింగ్ దగ్గరికి తిరిగి వెళ్లాలి. డాల్బీ విజన్ సిగ్నల్‌ను మాత్రం కొన్ని పరికరాలు 8 బిట్ ఆర్‌జీబీగా చూపిస్తాయి. అది లోపం కాదు, ఆ సమాచారం అలా ముసుగులో ప్రయాణిస్తుంది.

టీవీలో హెచ్‌డీఆర్ సిగ్నల్ ఆడుతుండగానే పిక్చర్ మోడ్‌ను సినిమా లేదా ఫిల్మ్‌మేకర్‌కు మార్చండి, ఎందుకంటే చాలా టీవీలు మామూలు వీడియోకు, హెచ్‌డీఆర్‌కు, డాల్బీ విజన్‌కు వేర్వేరు సెట్టింగులు దాచుకుంటాయి. బ్యాక్‌లైట్ లేదా ఓలెడ్ లైట్ గరిష్ఠంగా ఉంచాలి. పీక్యూ కొలమానం స్థిరమైనది కాబట్టి దాన్ని తగ్గిస్తే సినిమా మొత్తం ఉండవలసిన దానికంటే చీకటిగా తయారవుతుంది. కదలికను నునుపు చేసే సదుపాయం ఆపేయండి. సినిమా చీకటిగా ఉందనే ఫిర్యాదుకు చాలా ఇళ్లలో కారణం గదిలోని ట్యూబ్‌లైటు. సినిమాను మసక వెలుగు ఉన్న గదిలో చూస్తూ సిద్ధం చేశారు, ఆ కొలతలనే టీవీ పాటిస్తుంది. లైటు ఆపి, కర్టెన్లు వేసి చూశాక కూడా చీకటిగానే ఉంటే అప్పుడు టీవీలోని డైనమిక్ టోన్ మ్యాపింగ్ గాని, డాల్బీ విజన్ బ్రైట్ వంటి మోడ్ గాని ప్రయత్నించాలి. పానాసోనిక్ యూబీ820 వంటి ప్లేయర్లలో టోన్ మ్యాపింగ్‌ను ప్లేయరే చేసే వీలుంది. తక్కువ వెలుగున్న టీవీలకూ ప్రొజెక్టర్లకూ అది ఎంతో మేలు చేస్తుంది. దాన్ని వాడేటప్పుడు మెనూలో మీ తెర రకాన్ని ఎంచుకుని, టీవీ వైపు డైనమిక్ టోన్ మ్యాపింగ్ ఆపేయాలి, లేదంటే ఒకే వెలుగును ఇద్దరూ కుదించి చిత్రాన్ని చప్పగా మారుస్తారు.

పాత డీవీడీలను, మామూలు బ్లూ-రేలను హెచ్‌డీఆర్‌గా మార్చే సదుపాయం ప్లేయర్‌లో ఉన్నా ఆపి ఉంచండి, వాటిలో లేని వెలుగును ఊహించి పూయడం తప్ప అది చేసేది ఏమీ లేదు. హెచ్‌డీఆర్ లేని టీవీకి కలిపినప్పుడు మాత్రం ప్లేయర్ 4కె డిస్క్‌ను మామూలు వీడియోగా మార్చి పంపుతుంది. కొన్నింటిలో ఆ మార్పిడి ఎంత వెలుగుగా ఉండాలో సర్దే అంకెల వరుస ఉంటుంది. అక్కడ ముందు పగటి దృశ్యంలో ఆకాశంలోని మబ్బులు చెరిగిపోకుండా చూసుకుని, ఆ తర్వాత రాత్రి దృశ్యంలో ముఖాలు కనిపించేంత వరకే పెంచండి.