ఒకటి, రెండు తరగతుల్లో చదవడం ఎక్కడ ఆగిపోతోంది? సమస్య - పరిష్కారం

"వీడికి చదవడం రావట్లేదు, ఏం చేయమంటారు?" చిన్న తరగతుల టీచర్లు నన్ను ఎక్కువగా అడిగే మాట ఇది. ఎక్కడ ఆగుతున్నాడో తెలియకుండా దీనికి జవాబు చెప్పలేం. అందుకే ముందు పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఐదు నిమిషాలు చదివించండి. దిద్దకండి. ఏ మాటను ఎలా తప్పు చదివాడో అలాగే కాగితం మీద రాసుకోండి. చాలాసార్లు కారణం ఆ తప్పులోనే దొరుకుతుంది.

పాఠం గడగడా చదువుతాడు, అదే మాట పలక మీద రాస్తే చదవలేడు

కారణం: విని విని పాఠం కంఠతా వచ్చేసింది. కళ్లు బొమ్మ మీద ఉన్నాయి, అక్షరాల మీద లేవు. అనుమానం ఉంటే బొమ్మను చేత్తో మూసి, చివరి వాక్యం నుంచి పైకి చదివించి చూడండి.

పరిష్కారం: కొత్త పాఠానికి వెళ్లకండి. వచ్చిన అక్షరాలతోనే కొత్త మాటలు కట్టండి. ల, ప, క, వ, డ అనే ఐదు అక్షరాలు చాలు: వల, కల, వడ, పలక, పడవ, పడక, కడవ. అట్ట ముక్కల మీద అక్షరాలు రాసి ఇస్తే పిల్లలే మాటలు పేరుస్తారు. తాను పేర్చిన మాటను తానే చదివినప్పుడు ఆ పిల్ల ముఖం చూడాలి!

వర్ణమాల అప్పజెబుతాడు, 'ఘ' చూపిస్తే మళ్లీ 'క' నుంచి మొదలుపెడతాడు

కారణం: వర్ణమాల పాటలా వచ్చింది, ఒక్కో అక్షరంగా రాలేదు. దానికి తోడు ౠ, ఌ, ఙ లాంటివి మొదట్లోనే వచ్చి పడతాయి. ఒకటో తరగతి పిల్లలు చదివే మాటల్లో అవి దాదాపు కనిపించవు.

పరిష్కారం: ఎక్కువగా వాడే అక్షరాలతో మొదలుపెట్టండి, వరస మార్చి అడగండి. ప-ష, బ-భ, మ-య, ద-ధ లాంటి జంటలను ఒకే వారంలో నేర్పకండి. ఒకటి గట్టిపడ్డాక రెండోది.

సరళ పదాలు వచ్చు, గుణింతం, ఒత్తు రాగానే తడబడతాడు

నా అనుభవంలో ఎక్కువమంది ఆగేది ఇక్కడే. మనం ఎక్కువగా కంగారు పెట్టేదీ ఇక్కడే.

'క కా కి కీ' అని రాగం తీయడం వేరు, 'కొ'ను విడిగా చూసి గుర్తుపట్టడం వేరు. పైగా గుర్తులు అన్ని అక్షరాలకూ ఒకేలా అతకవు. 'కు'లో కొమ్ము పక్కన ఉంటే 'పు', 'వు'లలో కిందికి దిగుతుంది. 'కొ'లో ఒత్వం ఒకలా, 'మొ', 'యొ'లలో ఇంకోలా ఉంటుంది. వీటిని పిల్ల తనంతట తనే గమనిస్తుందని వదిలేయకూడదు. పక్కపక్కన రాసి, తేడాను వేలితో చూపించాలి. ఒకేసారి పన్నెండు గుర్తులూ వద్దు. దీర్ఘం, గుడి వచ్చాక వాటితో మాటలు, ఆ తర్వాతే కొమ్ము.

ఇక ఒత్తులు. 'భక్తి'ని 'భకిత' అని చదివే పిల్లలను చూసే ఉంటారు. ఆ పిల్ల కంటికి కనిపించిందే చదివింది. గుడి 'క' మీద ఉంది, 'త' కింద ఉంది. కానీ పలికేటప్పుడు గుడి చప్పుడు 'త' తర్వాత వస్తుంది. ఈ సంగతి విప్పి చెప్పాలి: పై అక్షరాన్ని సగమే పలుకుతాం, గుణింతాన్ని కింది అక్షరానికి ఇస్తాం. త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరాల్లా ఉండవు కాబట్టి వాటిని విడిగా నేర్పాలి.

ముందు చెవికి పట్టించండి. గడి-గడ్డి, మొగ-మొగ్గ, కల-కల్ల అని పలుకుతూ ఎక్కడ నొక్కుతున్నామో చప్పట్లతో చెప్పించండి. తర్వాత అమ్మ, అన్న, అక్క లాంటి ద్విత్వాలు, చివరగా 'భక్తి' లాంటి సంయుక్తాలు.

దీనికి టైమ్ పడుతుంది. మన లిపికి దగ్గరగా ఉండే కన్నడలో పిల్లలు చదవడం నేర్చుకునే తీరు మీద సోనాలి నాగ్ చేసిన అధ్యయనం 2007లో వచ్చింది. అక్షరాలన్నీ పట్టుబడటం ఒకటి రెండేళ్లలో ముగియదని, పై తరగతుల దాకా సాగుతుందని అందులో తేలింది. రెండో తరగతిలో ఒత్తు తప్పిన పిల్లను మొద్దు అనడం అన్యాయం.

చదువుతాడు, కానీ మా... ఊ... రి... చె... రు... వు

కారణం: ఒక్కో అక్షరానికే శక్తంతా అయిపోతోంది. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు గుర్తుండదు.

పరిష్కారం: నాలుగైదు వాక్యాల పేరా ఒకటి తీసుకోండి. మీరు వేలు పెట్టి చదవండి, తర్వాత ఇద్దరూ కలిసి, తర్వాత తనొక్కడే. అదే పేరా మూడు నాలుగు రోజులు. నిమిషానికి ఇన్ని మాటలు అనే లెక్క పై అధికారులు అడుగుతారు, కానీ 'చదువుకుంటున్నారు' కూడా మనకు ఒక్క మాటే. స్టాప్‌వాచ్ పిల్లల ముందు పెట్టకండి, టెన్షన్‌లో వచ్చిందీ మర్చిపోతారు.

తప్పు లేకుండా చదువుతాడు, అర్థం అడిగితే మౌనం

కారణం: పాఠంలోని తెలుగు ఆ ఇంట్లో మాట్లాడే భాష కాకపోవచ్చు. సవర, కోయ, గోండి, లంబాడీ, ఉర్దూ ఇళ్ల పిల్లలకు మొదటి ఏడాది ఇది పెద్ద గోడ. గిడుగు వేంకట రామమూర్తి పంతులు ఈ గోడను వందేళ్ల కిందటే గుర్తించారు. సవర నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే వాచకాలు తయారుచేశారు.

పరిష్కారం: పాఠం చదివే ముందు దాని గురించి పిల్లల భాషలో మాట్లాడనివ్వండి. వాళ్లు చెప్పిన మాటలను తెలుగు లిపిలో బోర్డు మీద రాసి, వాటినే చదివించండి. తెలుగు ఇళ్ల పిల్లలకూ ఇది పనిచేస్తుంది, ఎందుకంటే పుస్తకంలో మాట, ఊళ్లో మాట చాలాసార్లు వేరు.

నెలల తరబడి ఏం చేసినా కదలిక లేదు

ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. పుస్తకం ముక్కుకు దగ్గరగా పెట్టుకుంటున్నాడా? వెనుక నుంచి పిలిస్తే తిరుగుతున్నాడా? అవి బాగానే ఉండి, మిగతా విషయాల్లో చురుగ్గా ఉంటూ చదవడంలోనే వెనకబడితే, అది అభ్యసన వైకల్యం కావచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టం దీన్ని గుర్తించింది. ఆ పేరు మీరే పెట్టేయకండి. మీరు రాసుకున్న తప్పుల కాగితాలు తీసుకుని మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉండే భవిత కేంద్రం టీచర్‌ను కలవండి. తల్లిదండ్రులను కూడా వెంట తీసుకెళ్లండి.