ఇంట్లోనే బాడీ వాష్ – 3వ పాఠం: కుంకుడు రసం కాచేది, చెడిపోకుండా నిలబెట్టుకునేది

పోయిన రెండు పాఠాల్లో సున్నిపిండి చేసుకున్నాం కదా, పెసలు, సెనగపప్పు, కస్తూరి పసుపు అన్నీ బాగా ఎండబెట్టి మర ఆడించి డబ్బాకు పోసుకున్నాం, అది నెలల తరబడి అట్లనే ఉంటాది ఎందుకంటే దాంట్లో తడి లేదు. ఈ పాఠంతో కథ మారతాది. బాడీ వాష్‌లో ముక్కాలు వంతు నీళ్ళే, నీళ్ళు కలిసినాయంటే ఆ పూట నుంచే దినాలు లెక్కబెట్టుకోవాలి. నురగ తెప్పించేది చానా సులభం, కుంకుడుకాయ తెస్తే అదే వస్తాది, కష్టమంతా దాన్ని కుళ్ళిపోకుండా పెట్టుకునే దాంట్లోనే ఉండాది. చానా మంది రెసిపీలు చెప్పేవాళ్ళు ఈ ముక్క దగ్గరికొచ్చేసరికి ‘ఫ్రిజ్‌లో పెట్టుకోండి’ అని ఒక మాట అనేసి వెళ్ళిపోతారు, నేను మాత్రం సగం పాఠం దానికే పెట్టినా.

ముందు కాయ గురించి. మన పక్క దొరికేది గుండ్రంగా మూడు పలుకులుగా అతుక్కున్నట్టు ఉండే కుంకుడు, ఉత్తరాదిలో రీఠా అనేది ఇంకొక జాతి, అది ఒక్కొక్క కాయగా విడిగా పెద్దగా ఉంటాది. రెండూ పనికొస్తాయి. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లో నాటు మందుల అంగళ్ళు ఉండాయి, ఆడ అడిగితే ఇస్తారు, గిరిజన సహకార సంస్థ అని 1956 నుంచి ఉండే ప్రభుత్వ సంస్థ ఒకటుంది కదా, వాళ్ళ దగ్గరా కుంకుడు సరుకు దొరుకుతాది. యాడ కొన్నా ఒక కాయ తీసి వేళ్ళ మధ్య నొక్కి చూడండి, తొక్క కొంచెం జిగటగా, వెలుతురుకు పెడితే తేనె రంగులో కనపడితే మంచి కాయ. నల్లగా ఎండి గలగలమంటా ఉండి, లోపల తెల్ల బూజు కనపడితే వద్దు. పొడి కూడా అమ్ముతారు గానీ దాంట్లో గింజ కూడా కలిపి ఆడించినారో ఏమో మనకు తెలీదు, పైగా డబ్బా మూత తీస్తే చాలు ఇంటిల్లిపాదికీ తుమ్ములు.

కావాల్సింది తొక్క ఒక్కటే, గింజలో మనకు పనికొచ్చేది ఏమీ లేదు. నేను 100 గ్రాములు కాయలు కొట్టి గింజలు తీసి తూకం వేస్తే 58 గ్రాములు తొక్క వచ్చింది, అంటే కొనేటప్పుడే డబల్ లెక్క వేసుకోండి. కొట్టేటప్పుడు పాత గుడ్డలో చుట్టి రోకలితోనో రాయితోనో కొట్టండి లేకుంటే ముక్కలు మొహానికి ఎగురుతాయి. గింజలు పారేయద్దు, ఇంట్లో పిల్లోళ్ళుంటే వాళ్ళకివ్వండి, నేల మీద బరబరా రుద్ది పక్కనోడి చేతికి చురక పెట్టే ఆట మనమంతా ఆడినదే కదా.

ఇప్పుడు లెక్క. తొక్క 60 గ్రాములు, తాగే నీళ్ళు 700 మిల్లీలీటర్లు. రాత్రి పడుకునే ముందు స్టీల్ గిన్నెలో నానబెట్టండి, అల్యూమినియం వద్దు, ఇనప బాండలి అసలే వద్దు, కుంకుడు పులుపు గుణం కదా గిన్నెను తింటాది, ఇనపదాంట్లో రసం నల్లబడతాది. పొద్దున్నే లేచి చూస్తే తొక్కలు ఉబ్బి మెత్తగా గుజ్జులాగా ఉంటాయి, నీళ్ళు టీ డికాషన్ రంగు. చెయ్యి పెట్టి పిసికితే బెండకాయ జిగురులాగా వేళ్ళ సందుల్లోంచి జారతా ఉంటాది, ఆ జారుడే మనకు కావాల్సింది. దాని పేరు సపోనిన్. ఒక కొస నీళ్ళను పట్టుకుంటాది, ఇంకొక కొస నూనెను పట్టుకుంటాది, ఒంటి మీద జిడ్డు ఈ రెండింటి మధ్య చిక్కి నీళ్ళతో పాటు పోతాది. సబ్బు చేసే పని కూడా ఇదే, కాకపోతే మామూలు సబ్బు బోరు నీళ్ళలో ఉండే కాల్షియం, మెగ్నీషియంతో కలిసి తెల్లటి మడ్డిగా మారిపోతాది, బకెట్ అంచుకు పట్టుకునేది అదే. మా కాలనీలో కళ్యాణి డ్యాం నీళ్ళో తెలుగుగంగ నీళ్ళో వచ్చిన రోజు ఒకలాగా, బోరు వేసుకున్న రోజు ఒకలాగా ఉంటాది ఒళ్ళు, కుంకుడుతో ఆ మడ్డి గొడవ లేదు.

బాగా పిసికినాక స్టవ్వు మీద పెట్టండి. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి నా కథ వినండి. మొదటిసారి నేను చిన్న గిన్నెలో అంచుదాకా పోసి మంట పెద్దది పెట్టి, ఫోనొస్తే వరండాలోకి పోయినా, మాట్లాడింది రెండు నిమిషాలు కూడా లేదు, వచ్చేసరికి పాలు పొంగినట్టు కాదు అంతకు పదింతలు, నురగ గిన్నె దాటి, స్టవ్వు దాటి, గట్టు మీద నుంచి కిందకు బొట బొటా కారతా ఉండాది, బర్నర్ బొక్కలన్నీ పూడిపోయి మంట ఆరిపోయి గ్యాస్ వాసన. కిటికీలు తెరిచి, రెగ్యులేటర్ ఆపి, తుడుస్తా ఉంటే మా అమ్మ వచ్చి చూసి ‘పోనీలే, స్టవ్వు తలంటుకునింది’ అనింది. కాబట్టి గిన్నె కనీసం మూడు లీటర్లది పెట్టుకోండి, మంట సిమ్‌లోనే, గరిటె చేతిలోనే, స్టవ్వు దగ్గరే. కుక్కర్‌లో పెడితే తొందరగా అయిపోతాది కదా అని పక్కింటి అక్క అడిగింది, వద్దే వద్దు, ఆ నురగ పోయి విజిల్ దారికి అడ్డం పడుతుంది.

సిమ్‌లో 25 నిమిషాలు. ఆఖరి 5 నిమిషాల్లో కావాలంటే 10 గ్రాములు వట్టివేరు కడిగి వేసుకోండి, కుంకుడుకు ఒక పుల్ల వాసన ఉంటాది కదా అది కొంచెం అణుగుతాది. తుంగముస్తలు, కచ్చూరాలు వేసినా బాగుంటాది. బావంచాలు మాత్రం వద్దు, పాతకాలం సున్నిపిండిలో వేస్తారు నిజమే గానీ దాంట్లో సోరలిన్ అనే పదార్థం ఉండాది, అది ఒంటికి అంటి ఎండకు పోతే చర్మం కమిలి నల్ల మచ్చలు పడతాయి, మన తిరుపతి ఎండలో దాంతో ఆటలేల. రంగు కోసం ఎర్రచందనం పొడి వెయ్యచ్చా అని కూడా అడుగుతారు, శేషాచలం మన పక్కనే ఉండాది కాబట్టి మనోళ్ళకు ఆ ఆశ, కానీ దాని రంగు నీళ్ళలో సరిగ్గా కరగదు, అడుగున మట్టిలాగా పేరుకుంటాది అంతే.

దించి, గోరువెచ్చగా అయినాక పాత పంచె గుడ్డ రెండు మడతలు వేసి వడగట్టండి. జాలి చాలదు, పీచు పోతాది, అది తర్వాత సీసా మూతకు అడ్డం పడుతుంది. 400 మిల్లీలీటర్లు రావాలి, తక్కువైతే కాచి చల్లార్చిన నీళ్ళు కలపండి, ఎక్కువైతే ఇంకొంచెం సేపు మరిగించండి.

ఈ రసాన్ని ఇట్లనే సీసాకు పోసి బాత్రూంలో పెడితే ఏమైతాదో నాకు బాగా తెలుసు. రెండేళ్ళ కింద మే నెలలో, నాలుగో రోజు పొద్దున నీళ్ళు పోసుకునేదానికి పోయి మూత తిప్పినా, బుస్సుమని మూత ఎగిరి గోడకు తగిలింది, వాసనేమో అచ్చంగా కల్లు ముంత. కుంకుడు తొక్కలో చక్కెరలు ఉంటాయి, కాచినప్పుడు చచ్చినవి చావగా చల్లారినాక గాల్లోంచి, చేతిలోంచి, సీసాలోంచి ఈస్టు, బాక్టీరియా వచ్చి చేరతాయి, వాటికి ఇది పాయసం. ఒట్టి రసం బయట ఒకటి రెండు రోజులు, ఫ్రిజ్‌లో వారం, అంతకు మించి పెట్టుకోవద్దు. వాసన రాకున్నా చెడిపోయి ఉండచ్చు, అది ఒంటికి పూసుకుంటే దద్దుర్లే.

మీకు ఫ్రిజ్ పద్ధతి చాలంటే ఈడే ఆగచ్చు, ఐస్ ట్రేలో పోసి గడ్డ కట్టించి రోజుకు రెండు ముక్కలు చెంబులో వేసుకుని కరిగించుకునేవాళ్ళు ఉండారు, ఎండాకాలం హాయిగానే ఉంటాది. నాకైతే సీసా బాత్రూంలోనే ఉండాల, నొక్కితే రావాల. దానికి ప్రిజర్వేటివ్ వెయ్యాల్సిందే. ‘నేచురల్ అంటివే మళ్ళీ కెమికల్ ఏంది’ అంటారు, పచ్చడికి ఉప్పు వెయ్యకుండా పెడతామా చెప్పండి. వేపాకు, పసుపు, లవంగం నూనె వేస్తే చాలు అనే మాట నమ్మద్దు, అవి సీసాను కాపాడేంత పని చెయ్యవు.

400 మిల్లీకి సోడియం బెంజోయేట్ 2 గ్రాములు, పొటాషియం సోర్బేట్ 1 గ్రాము. రెండూ జామ్‌లు, స్క్వాష్‌లలో వాడేవే. కంటి లెక్క పనికిరాదు, బంగారం తూచే రకం చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఆన్‌లైన్‌లో దొరుకుతాది, అది లేకుండా ఈ మెట్టు ఎక్కద్దు. రెండు పొడులనీ రెండు మూడు చెంచాల వేడినీళ్ళలో పూర్తిగా కరిగించి రసంలో పోసి కలపండి. ఇవి రెండూ పులుపులోనే పనిచేస్తాయి, పీహెచ్ (పులుపు కొలిచే అంకె, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5కు పైన పోయేకొద్దీ నిద్రపోతాయి. కుంకుడు రసం మామూలుగా 4, 5 మధ్యలోనే ఉంటాది, మన చర్మం కూడా 5 అటూ ఇటూ, సబ్బు బిళ్ళ ఏమో 9, 10. అందుకే పీహెచ్ పేపర్ ముక్క ముంచి చూసి, 4.5 కంటే పైన ఉంటే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్ పొడి) చిటికెడు చిటికెడుగా కరిగించి కలపతా దించండి. నిమ్మ ఉప్పు అన్నా, నిమ్మకాయ అనలేదు. నిమ్మరసంలో విటమిన్ సి ఉంటాది, అది సోడియం బెంజోయేట్‌తో కలిస్తే బెంజీన్ పుట్టే అవకాశం ఉండాది, అది క్యాన్సర్ కారకం. విటమిన్ సి పొడి, ఉసిరి కూడా అందుకే వద్దు. కలబంద గుజ్జు, పాలు, తేనె, గులాబీ రేకులు కూడా ఏమీ వెయ్యద్దు, అందానికి వేస్తే పురుగుకు భోజనం పెట్టినట్టే.

చిక్కదనం సంగతి. కుంకుడు రసం నీళ్ళలాగా ఉంటాది, చేతిలో పోసుకుంటే మోచేతి దాకా కారిపోతాది. దానికి జాంతన్ గమ్ 4 గ్రాములు, కేకులు చేసేవాళ్ళ సరుకులు అమ్మే అంగట్లో దొరుకుతాది. నేరుగా రసంలో చల్లితే చేప కళ్ళలాగా ఉండలు కట్టి ఎంత గిలక్కొట్టినా కరగవు, నేను ఒకసారి అట్ల చేసి మొత్తం మళ్ళీ వడగట్టుకున్నా. 20 గ్రాములు గ్లిజరిన్ చిన్న గిన్నెలో పోసి గమ్‌ని దాంట్లో వేసి దోశపిండిలాగా కలుపుకోండి, గ్లిజరిన్‌లో అది ఉబ్బదు కాబట్టి ఉండ కట్టదు, తర్వాత దాన్ని రసంలో సన్నగా పోస్తా చెంచాతో తిప్పండి. మిక్సీలో వేస్తే గిన్నె నిండా నురగే, చెంచానే మేలు. అరగంట వదిలేస్తే గంజి చిక్కదనం వస్తాది.

సీసా, మూత వేడినీళ్ళతో కడిగి పూర్తిగా ఆరినాకే పొయ్యండి, ఒక్క చుక్క కొళాయి నీళ్ళు లోపల ఉన్నా చేసిన కష్టం పోతాది. నొక్కే మూత ఉండేదైతే మంచిది, వేలు పెట్టి తీసుకునే వెడల్పు డబ్బా వద్దు. ఇంత చేసినా నెలలోపు వాడేయండి, మనది ల్యాబ్ కాదు, వంటిల్లు. రంగు మారినా, పైన పొర కట్టినా, వాసన తేడా వచ్చినా పారబోయండి, పారబోసేది మాత్రం చేపలుండే తొట్లోనో చెరువులోనో కాదు, సపోనిన్ చేపలకు విషం.

మొదటిసారి మోచేతి మడత లోపల కొంచెం రాసి కడిగేసి ఒక రోజు చూడండి, ఎర్రబడకపోతే ఒళ్ళంతా వాడచ్చు. షాపు బాడీ వాష్ అంత నురగ రాదు, పల్చగా వస్తాది, అది చూసి ఇంకా ఇంకా పోసుకోవద్దు, జాస్తి అయితే ఒళ్ళు పిడచకట్టుకు పోతాది. మొహానికి వద్దు. కంట్లో పడితే ఎట్ల ఉంటాదో మీకు చెప్పక్కర్లేదు, ఆదివారం తలంటేటప్పుడు మా అవ్వ ముందే ఒక ఉప్పుగల్లు నోట్లో పెట్టేది, మంట తెలీదంట. ఉప్పు చప్పరించే ధ్యాసలో ఏడుపు మర్చిపోతామో ఏమో గానీ, కళ్ళకు మంచినీళ్ళు కొట్టుకోవడమే దారి.

నాలుగో పాఠం కొబ్బరినూనె, పొటాషియం హైడ్రాక్సైడ్‌తో లిక్విడ్ సబ్బు, అది గ్లౌజులు, కళ్ళద్దాలు లేకుండా ముట్టుకునే పని కాదు కాబట్టి ముందే కొని పెట్టుకోండి. అంతలోపల ఇంటి పని ఒకటి. ఈ రోజు కాచిన రసంలో ప్రిజర్వేటివ్ కలిపే ముందే మూడు చెంచాలు తీసి ఒక చిన్న సీసాకు పోయండి, మిగతాది అంతా చేసినాక దాంట్లోంచి మూడు చెంచాలు ఇంకొక చిన్న సీసాకు పోయండి. రెండింటికీ తేదీ రాసి అతికించి వంటింటి గట్టు మీద పక్కపక్కనే పెట్టి, రోజూ పొద్దున కాఫీ కలిపేటప్పుడు మూత తీసి వాసన చూసి, ఏ రోజు ఏది తేడా కొట్టిందో ఆ చీటీ మీదే రాయండి. మూత తీసేటప్పుడు మొహానికి దూరంగా పెట్టుకోండి, నాది గోడకు తగిలింది కాబట్టి సరిపోయింది.